వంటింట్లో లైట్ డ్యూటీ

నడుస్తుంటే నా ఎడమకాలి హవాయి చెప్పు జారిపోవడం మొదలైంది. పాతబడిందేమోనని కొత్త జత కొన్నాను. అదీ జారింది. కుడికాలిది జారదు, ఎడమకాలిదే. అప్పటికి మూడు నెలలుగా నడుం నుంచి పిర్ర మీదుగా పాదం దాకా కరెంటు పాకినట్టు నొప్పి. గాజువాకలో నేను పనిచేసే స్కూల్లో కుర్చీలో కూర్చోలేక, పిల్లల నోటుబుక్కులు కిటికీ గట్టు మీద పెట్టుకుని నిలబడే దిద్దేదాన్ని. డాక్టరుగారు రెండు కాళ్ల బొటనవేళ్లూ పట్టుకుని చూసి, "పైకి లేపమ్మా" అన్నారు. కుడివేలు లేచింది. ఎడమవేలు ఎంత ప్రయత్నించినా లేవలేదు. నాకు ఆపరేషన్ తప్పదని తేల్చింది నొప్పి కాదు, ఆ వేలు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నడుం నొప్పి అన్న ప్రతివాళ్లకీ ఆపరేషన్ అక్కర్లేదు. డిస్క్ జారి కాల్లోకి నొప్పి దిగినవాళ్లలో ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో మందులతో, నడకతో, వ్యాయామంతో తగ్గిపోతుంది. బయటికొచ్చిన ముక్కను చాలాసార్లు ఒళ్లే కొంత కరిగించుకుంటుంది. కాలి బలం తగ్గిపోతున్నా, నెలలు గడిచినా నొప్పి వదలకపోయినా అప్పుడు కత్తి మాట వస్తుంది. మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పడిపోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా మాత్రం తెల్లారనివ్వకూడదు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

నడుంలో ఐదు పూసలుంటాయి. పూసకీ పూసకీ మధ్య ఒక మెత్త. దాన్నే డిస్క్ అంటారు. పైన గట్టి పీచు, లోపల గుజ్జు. లేత ముంజెను వేలితో గట్టిగా నొక్కితే ఎక్కడో చిట్లి లోపలిది చిమ్ముతుంది చూడండి, అలాగే ఆ పీచు చిట్లి గుజ్జు బయటికొచ్చి పక్కనే ఉన్న నరాన్ని నొక్కుతుంది. నాకు నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య జరిగింది. కాలునొప్పికి అసలు కారణం ఈ గుజ్జేనని 1934లో బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు ప్రపంచానికి గట్టిగా చెప్పారు. అంతకుముందు ఆపరేషన్‌లో ఇలాంటి ముక్క కనిపిస్తే కణితి అనుకునేవారట.

మా నాన్న విశాఖ పోర్టులో కలాసీ. మా పుట్టిల్లు జ్ఞానాపురం. కంటైనర్లు రాకముందు బస్తాలు వీపు మీద మోసిన తరం ఆయనది. నా చిన్నప్పుడు ఒకసారి ఆయన నడుం పట్టేసింది. నెలన్నర నులకమంచం మీదే ఉన్నారు. అమ్మ ఇసుక వేయించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేది. పెద్దాసుపత్రి కేజీహెచ్ ఎంతో దూరం లేదు. ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923 నుంచీ ఉంది. డాక్టర్ బాలపరమేశ్వరరావుగారు 1950ల్లోనే అక్కడ న్యూరోసర్జరీకి పునాది వేశారు. అయినా నాన్న వెళ్లలేదు. "నడుం కోస్తే కాళ్లు పడిపోతాయి" అని రేవులో అందరూ అనుకునే మాట ఆయన్ని ఆపేసింది. నలభై ఏళ్ల తర్వాత ఆపరేషన్ కాగితం మీద సంతకం పెడుతుంటే నా చెవుల్లోనూ అదే మాట మోగింది.

నా వీపు మీద మచ్చ మూడు సెంటీమీటర్లుంటుంది, అంతే. మైక్రోస్కోపులో చూస్తూ, నరాన్ని నొక్కుతున్న ముక్కను తీసేశారు. మత్తు దిగేసరికి కాలునొప్పి లేదు. మూడు నెలల నొప్పి తర్వాత మొదటిసారి కాలు చాపుకుని ఏడ్చాను. సాయంత్రానికే లేపి వార్డులో నడిపించారు. అప్పుడు డాక్టరుగారు చెప్పిన మాట ఇప్పటికీ మర్చిపోలేదు. "నేను తీసింది బయటికొచ్చిన ముక్కనే. డిస్క్‌కి చిల్లు అలాగే ఉందమ్మా. అది మానడానికి వారాలు పడుతుంది. ఆ వారాలు మీ ఇంట్లో గడుస్తాయి, నా దగ్గర కాదు."

ఆసుపత్రి ఉన్న మహారాణిపేట నుంచి మా కూర్మన్నపాలెం ఇరవై కిలోమీటర్ల పైమాటే. కారు ముందు సీటు వెనక్కి వాల్చి, నడుం కింద చిన్న దిండు పెట్టారు. ఎన్ఏడీ కొత్త రోడ్డు దాటాక ఒకచోట ఆపించి రెండు నిమిషాలు నిలబడ్డాను. కదలకుండా కూర్చుని అంతదూరం రావద్దని నర్సమ్మ ముందే చెప్పింది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా మావారు "మెల్లగా బాబూ" అంటూనే ఉన్నారు.

ఆయన స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటరు. నేను ఆసుపత్రిలో ఉన్న మూడు రోజుల్లో ఇంటిని సర్దేశారు. మంచం కాళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు పెంచారు, లేచేటప్పుడు నడుం మీద భారం పడకుండా. మా బాత్రూంలో ఇండియన్ టాయిలెట్. గొంతుక్కూర్చుంటే నడుం పూర్తిగా వంగిపోతుంది కనుక దాని మీద పెట్టే కమోడ్ స్టూలు కొన్నారు. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. స్నానాల బకెట్‌ని నేలమీద కాకుండా ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టారు. మగ్గు ముంచడానికి వంగక్కర్లేదు. ఖర్చు లేని ఆ ఏర్పాటు నన్ను రోజుకి పాతికసార్లు వంగకుండా కాపాడింది.

మంచం మీంచి లేవడం కూడా మళ్లీ నేర్చుకోవాలి. వెల్లకిలా ఉన్నది ఉన్నట్టు లేవకూడదు. మోకాళ్లు ముడిచి, భుజాలూ తుంటీ కలిపి దుంగ దొర్లినట్టు ఒక్కసారిగా పక్కకి తిరగాలి. కాళ్లు మంచం కిందకి దించుతూ, మోచేత్తో పరుపుని తోసి పైకి రావాలి. మొదటి నాలుగు రోజులు మా అబ్బాయి పక్కన నిలబడి "భుజం, తుంటి కలిపి అమ్మా" అని గుర్తుచేసేవాడు.

ఇంటికొచ్చి నేర్పిన ఫిజియోథెరపీ అమ్మాయి ఒక లెక్క చెప్పింది. స్వీడన్‌లో నాకెమ్సన్ అనే డాక్టరు మనుషుల డిస్క్‌లోకి సన్నటి సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచాడట. నిలబడ్డప్పటి ఒత్తిడి 100 అనుకుంటే, వెల్లకిలా పడుకుంటే 25. చేతుల్లో బరువు పట్టుకుని ముందుకి వంగితే 220. "వంగొద్దు, మెలితిరగొద్దు, బరువెత్తొద్దు అని మేం చాదస్తంగా చెప్పడం లేదమ్మా" అంది. పడుకుంటే 25 కదా అని రోజంతా పడుకోవడమూ తప్పే. కండ కరిగిపోతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. గంటకోసారి లేచి హాల్లో ఐదు నిమిషాలు నడవమంది. రెండో వారానికి మెట్లు దిగి వీధిలోకి, మూడో వారానికి పాలబూత్ దాకా. కూర్చోవడం మాత్రం ఒక్కో విడత ఇరవై నిమిషాలకి మించొద్దంది. నడుంకి కట్టే బెల్టు బయటికెళ్లేటప్పుడే. మన విశాఖ ఉక్కపోతకి పొద్దస్తమానం బెల్టు కడితే చెమటకి ఒళ్లు పేలుతుంది, పైగా నడుం కండరాలు పని మానేస్తాయి.

పథ్యం దగ్గర ఇంట్లో పెద్ద గొడవే అయింది. అమ్మ జ్ఞానాపురం నుంచి వచ్చి నా కంచంలో పప్పు చూసి, "ఓలమ్మా, కుట్లు మాననేదు, పప్పేటే నీకు? సీము పడతాది" అని కంచం లాక్కుంది. బాలింతకి సొరచేప పుట్టు వండిపెట్టే చెయ్యి ఆవిడది. ప్రేమ తప్ప ఇంకేం లేదు. కానీ పప్పు వల్ల చీము పట్టదు. చీము పట్టేది సూక్ష్మక్రిములు చేరితే, షుగరు అదుపులో లేకపోతే. గాయం మానడానికి కావలసిందే మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు అన్నీ తినమని డాక్టరుగారు ఫోన్లో అమ్మతోనే నేరుగా చెప్పారు. మర్నాడు అమ్మ చేపల పులుసు తెచ్చింది. పచ్చి కారం, చారన్నంతో పదిరోజులు గడిపే వాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. దయచేసి అలా చేయకండి. ఇంకో సంగతి ఎవరూ ముందుగా చెప్పరు: నొప్పి మాత్రలకి మలబద్ధకం వస్తుంది. ముక్కితే ఆ ఒత్తిడంతా నడుం మీదే పడుతుంది. బొప్పాయి, ఆకుకూర, దండిగా నీళ్లు, అవసరమైతే డాక్టరు రాసిన మందు మొదటిరోజు నుంచే మొదలుపెట్టాలి.

కుట్లు పన్నెండో రోజున తీశారు. ఆ వారమంతా డాక్టరుగారు గమనించమన్నవి గమనిస్తూనే ఉన్నాం. జ్వరం రావడం, కుట్ల దగ్గర ఎరుపెక్కి స్రావం కారడం, కూర్చోగానే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గడం, పిక్క వాచి నొప్పెట్టడం, కాలు ఇంకా బలహీనపడటం. వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోకూడదు.

ఇక పదిహేడో రోజు. మావారు ఏ షిఫ్ట్, పొద్దున్నే వెళ్లిపోయారు. అబ్బాయి కాలేజీకి. ఒంట్లో బాగానే ఉంది. వాషింగ్ మెషీన్ ఆగింది. తడిబట్టలు సగం బకెట్ కూడా లేవు. తీసి, పక్కకి తిరిగి బాల్కనీ గట్టు మీద పెట్టబోయాను. నడుంలో ఏదో పటుక్కుమన్నట్టయింది. ఊపిరి తీసుకోలేక అక్కడే నేలమీద పక్కకి వాలిపోయాను. పొరుగింటావిడకి వినపడేదాకా పిలిచాను. ఆపరేషన్ అంతా వృథా అయిపోయిందనే అనుకున్నాను. డాక్టరుగారు కాలి బలం చూసి, కండరం పట్టేసిందే గాని డిస్క్ మళ్లీ జారలేదన్నారు. ఈ ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి ఐదు నుంచి పదిహేను మందికి అదేచోట మళ్లీ జారుతుందని కూడా అప్పుడే చెప్పారు. మరో పది రోజులు వెనక్కి వెళ్లిపోయాను.

డిశ్చార్జి కాగితంలో ఏముందో తీసి చూశాను. శ్రమ పడకూడదు, బరువులు ఎత్తకూడదు అని ఇంగ్లీషులో రెండు ముక్కలు. సగం బకెట్ బట్టలు బరువని నాకే తట్టలేదు. ఆడవాళ్లకి అది బరువు కాదు, పని. ఆ సాయంత్రం మా అబ్బాయి సూట్‌కేసు తూచే కాటాతో ఇంట్లో ఉన్నవన్నీ తూచాడు. ఆ సగం బకెట్ తడిబట్టలు 9 కిలోలు. నిండు బకెట్ నీళ్లు 17. మంచినీళ్ల క్యాన్ 20. వంటగ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి దాదాపు 30. ఆరు వారాలు నేను ఎత్తదగ్గది 2 కిలోలు. రెండు లీటర్ల నీళ్ల సీసా, అంతే.

మావారు ఆ అంకెలు చూసి చాలాసేపు మాట్లాడలేదు. రెండేళ్ల క్రితం ఆయన మణికట్టు విరిగింది. మెడికల్‌లో ఫిట్ అని రాసేదాకా క్రేన్ ఎక్కనివ్వలేదు. ఎక్కేముందు కొన్నాళ్లు లైట్ డ్యూటీ ఇచ్చారు. ఫ్యాక్టరీలో మనిషికి దెబ్బతగిలేంత బరువు ఎత్తించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ చెప్పేది. "మీకు ఫిట్ అని రాసేవాళ్లున్నారు. నాకెవరు రాస్తారండీ?" అని అడిగాను. నిష్ఠూరానికి కాదు, నిజంగానే తెలియక.

మర్నాడు ఆయనే నన్ను తీసుకెళ్లి డాక్టరుగారిచేత మళ్లీ రాయించారు. ఈసారి తెలుగులో. బిందె ఎత్తకూడదు. గ్రైండర్ కడగకూడదు. కింద కూర్చుని కూరలు తరగకూడదు. ఇల్లు వంగి తుడవకూడదు, నిలబడి తుడిచే కర్రతో తుడవడమూ ఆరు వారాల తర్వాతే. కుక్కర్ ఎవరైనా పొయ్యి మీద పెట్టి ఇవ్వాలి. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాం. ప్లాంట్‌లో రిపేరులో ఉన్న యంత్రానికి ఎర్ర ట్యాగు కడతారట. కట్టినవాడే విప్పాలి, అప్పటిదాకా ఎవరూ స్విచ్ వేయకూడదు. ఆయన ఎర్రగుడ్డ చింపి బకెట్‌కి, గ్రైండర్‌కి, నీళ్ల క్యాన్‌కి, సిలిండర్‌కి కట్టారు. ఏ షిఫ్ట్ అయితే రాత్రే బట్టలు ఆరేసి పడుకునేవారు. రాత్రంతా సాగే సి షిఫ్ట్ అయితే వచ్చి పప్పు రుబ్బేవారు. అమ్మకి అల్లుడు గ్రైండర్ కడగడం మొదట నచ్చలేదు. తర్వాత అలవాటైంది.

ఏడో వారం స్కూల్‌కి వెళ్లాను. ఆర్టీసీ బస్సులో వెనక సీట్లో కూర్చోకుండా, మధ్య సీటు దొరికేదాకా ఆగాను. బొటనవేలు మాత్రం తొందరపడలేదు. దెబ్బతిన్న నరం రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట. ఐదో నెలలో ఒకరోజు బ్లాక్‌బోర్డు దగ్గరికి నడుస్తుంటే చెప్పు జారలేదని గుర్తించాను. అంతకుముందే, మూడో నెల చివర బకెట్ మీది గుడ్డ విప్పారు, తర్వాత గ్రైండర్‌ది. సిలిండర్‌ది విప్పలేదు. సిలిండర్ మారినప్పుడల్లా కొత్తదానికి కడుతున్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా నడుం ఆపరేషన్ అయితే, ముఖ్యంగా ఇల్లు నడిపే మనిషికైతే, డిశ్చార్జి అయ్యే ముందు ఆవిడ రోజూ చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి. ఏది ఏ వారం నుంచి చేయవచ్చో పక్కనే తెలుగులో రాయించుకోండి. అడిగితే రాస్తారు.