కథలో ఇతివృత్త నిర్మాణం

కథ వినని వారుండరు; కాని విన్న వారందరూ కథ చెప్పలేరు. సంఘటనలు తెలిసి ఉండటం వేరు, వాటిని కథగా కూర్చటం వేరు. ఈ కూర్పునే సాహిత్య విమర్శకులు ఇతివృత్త నిర్మాణం అంటారు.

ఆంగ్ల నవలాకారుడు ఇ. యం. ఫార్‌స్టర్ 1927లో ప్రకటించిన విమర్శ గ్రంథంలో కథకూ ఇతివృత్తానికీ గల భేదాన్ని వివరించాడు. జరిగినవాటిని కాలక్రమంలో చెప్పితే అది కథ. ఒకటి మరొకదానికి కారణమైనట్లు చూపితే అది ఇతివృత్తం. మొదటిదానికి ‘తరువాత ఏమైంది?’ అన్న ప్రశ్న చాలు, రెండవది ‘ఎందువల్ల?’ అని కూడ ప్రశ్నింపజేస్తుంది.

మన ప్రాచీనులకూ ఈ వివేచన ఉన్నది. భరతుని నాట్యశాస్త్రం నాటకేతివృత్తానికి ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం అని ఐదు సంధులను విధించింది. ముఖసంధిలో నాటిన బీజమే నిర్వహణసంధిలో ఫలించాలి. నాటకానికి చెప్పిన ఈ సూత్రం కథానికకూ వర్తిస్తుంది.

ఉర్దూ విద్యార్థులకూ తెలుగు విద్యార్థులకూ సమానంగా ఉపకరించే ఉదాహరణ ప్రేమ్‌చంద్ 1933లో వ్రాసిన ‘ఈద్‌గాహ్’. తల్లిదండ్రులు లేని హమీద్, పండుగనాడు మూడు పైసలతో సంతకు బయలుదేరుతాడు. ఇంట వృద్ధురాలైన నానమ్మ అమీనా ఒక్కతే ఉన్నది. ఆ పేదరికం, ఆ మూడు పైసలు, నానమ్మపై అతని మమత - ఇవే బీజం. తోటి బాలురు రంగులరాట్నమెక్కుతారు, మట్టిబొమ్మలు కొంటారు, మిఠాయిలు తింటారు. హమీద్ చూస్తూ నిలబడతాడు. చివరకు, పెనం మీది రొట్టెలు తీసేటప్పుడు నానమ్మ వేళ్లు కాలుతున్నాయని స్ఫురించి, ఆ మూడు పైసలకూ చిమటా, అనగా ఇనుప పట్టకారు, కొంటాడు.

ఇందులో రంగులరాట్నం, బొమ్మలు, మిఠాయిలు కేవలం సంత వర్ణన కోసం వచ్చినవి కావు. హమీద్ వదులుకొన్న ఒక్కొక్క సుఖం పట్టకారు విలువను పెంచుతూ వచ్చింది. అతనికి దారిలో డబ్బు దొరికి, అన్నీ అనుభవించిన పిదప పట్టకారు కొన్నాడనుకొందాం. నానమ్మకు వస్తువు దక్కేది; కాని ఆమె కంట నీరు తిరిగేది కాదు. ఒక భాగాన్ని తీసివేస్తే మొత్తం చెదరిపోవాలని అరిస్టాటిల్ చెప్పిన పరీక్షకు ఈ కథ నిలుస్తుంది.

ఎక్కడ ప్రారంభించాలి, దేనిని దాచాలి అనేవి కూడ నిర్మాణంలోని అంశాలే. 1910లో వెలువడిన గురజాడవారి ‘దిద్దుబాటు’ దంపతుల వివాహంతో మొదలు కాలేదు. భర్త ఆలస్యంగా ఇల్లు చేరిన రాత్రితో మొదలైంది. కమలిని ఇంట లేదని గోపాలరావుతోపాటు పాఠకుడూ నమ్ముతాడు. ఆమె మంచం క్రిందనే ఉన్నదని రచయిత చివరి వరకు దాచినందువల్లనే భర్త పశ్చాత్తాపం నిండుగా వ్యక్తమయ్యే అవకాశం కలిగింది.

కథారచనకు పూనుకొనే విద్యార్థులు ఒక్క విషయం గమనించాలి. యాదృచ్ఛిక సంఘటనతో కథను ప్రారంభించవచ్చు. కాని ముడి విప్పటానికి ప్రమాదాన్నో, లాటరీ బహుమతినో ఆశ్రయించటం తగదు. ఆ ముడి పాత్రల స్వభావం వల్ల, వారు చేసిన నిర్ణయం వల్ల విడిపోవాలి. మనిషి చర్యకు కారణమూ ఫలితమూ ఉంటాయని మనకు నేర్పేది అటువంటి కథయే. ఇతరులపై తొందరపడి తీర్పు చెప్పక, ‘ఎందువల్ల?’ అని ఆలోచించే అలవాటు దానివల్లనే అలవడుతుంది.