విండోస్‌లో ‘మిర్చి’ ఒత్తు ఎందుకు విడిపోతుంది?

ప్రశ్న: మిర్చి యార్డు ధరలను వాట్సాప్‌లో పంపేందుకు బొమ్మగా మార్చే పైథాన్ ప్రోగ్రామ్ రాశాను. గుంటూరులో మా కాలేజీ ల్యాబులో, లినక్స్ మీద, ‘మిర్చి’ చక్కగా వస్తుంది. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌లో ర పక్కన చ విడిగా పడుతుంది. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఎందుకిలా?

జవాబు: ముందు ‘ర్చి’ని కంప్యూటర్ ఎలా దాచుకుంటుందో చూద్దాం. ర, పొల్లు, చ, గుడి: ఈ వరుసలో నాలుగు సంకేతాలు. కంటికి కనిపించే వరుస వేరు. గుడి వెళ్లి ర మీద కూర్చుంటుంది, చ కిందికి దిగి ఒత్తవుతుంది. ఫాంటులో ఆకారాలు ఉంటాయి; వాటిని ఎంచి పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది.

మీరు రాసిన ప్రోగ్రామ్ ఉత్త అక్షరాల ఫైలు. పైథాన్ ఉన్న ప్రతిచోటా దాన్ని చదివి నడుపుతుంది. బొమ్మలు గీసే పిల్లో లైబ్రరీలో మాత్రం కొంత భాగం సీ భాషలో ఉంది. సీని కంపైలర్ (ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చేది) ముందే మార్చి ఉంచాలి. ఇంటెల్ ఆదేశాలు ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్‌కు అర్థం కావు. ప్రాసెసర్ ఒకటే అయినా, ఇలాంటి ఫైలును విండోస్ ఎక్కించుకునే పద్ధతి వేరు, లినక్స్‌ది వేరు. పైథాన్ 3.11కు చేసిన పిల్లో 3.12లో ఎక్కదు. అందుకే ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్ వెర్షన్‌ల ఒక్కో కలయికకు ఒక్కో ఫైలు ముందే కంపైల్ చేసి ఉంచుతారు. దాన్ని వీల్ అంటారు. మీ యంత్రానికి వీల్ లేకపోతే పిప్ (పైథాన్ లైబ్రరీలను ఎక్కించే సాధనం) సీ మూలాన్నే తెచ్చి మీ దగ్గర కంపైల్ చేయబోతుంది. ఎండుమిరపకాయలు చేతికిచ్చి కారం మీరే పట్టించుకోమన్నట్టు! కంపైలర్ లేని విండోస్‌లో ఆ పని అక్కడే ఆగిపోతుంది.

మీకు వీల్ సరిగానే ఎక్కింది. లోపం ఇంకో మెట్టు కింద ఉంది. పిల్లో హార్ఫ్‌బజ్‌ను రాక్మ్ అనే లైబ్రరీ ద్వారా వాడుతుంది. 2021లో వచ్చిన పిల్లో 8.2 నుంచి రాక్మ్ వీల్‌లోనే ఉంటోంది. కానీ రాక్మ్‌కు ఫ్రీబిడి కావాలి. దాన్ని మాత్రం ప్రోగ్రామ్ నడిచేటప్పుడు యంత్రంలో వెతుక్కుంటుంది. డెస్క్‌టాప్ లినక్స్‌లో అది సాధారణంగా ముందే ఉంటుంది, విండోస్‌లో ఉండదు. ఫ్రీబిడి ఉన్నది ఉర్దూ, అరబిక్ వంటి కుడి నుంచి ఎడమకు రాసే లిపుల దిశ తేల్చడానికి. తెలుగుకు ఆ అవసరమే లేదు. అయినా అది దొరక్కపోతే పిల్లో రాక్మ్‌ను పక్కనపెట్టి, సంకేతాలను వచ్చిన వరుసలోనే గీసేస్తుంది, ఏ హెచ్చరికా లేకుండా. ఇంగ్లిష్‌లో రాసేవారికి ఈ తేడా కనిపించదు కాబట్టి ఇది చాలామంది దృష్టికి రాదు. నాకు బాధ కలిగించేది అదే.

మీ పైథాన్ 64 బిట్‌ది అయితే, 64 బిట్ విండోస్‌కు కంపైల్ చేసిన ఫ్రీబిడి డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైలు) తెచ్చి, విండోస్ వెతికే ఫోల్డరులో పెట్టండి. ప్రోగ్రామ్ మొదట్లోనే పిల్లోలోని ఫీచర్స్ మాడ్యూల్‌ను రాక్మ్ ఉందా అని అడిగించండి. లేదని తేలితే ప్రోగ్రామ్‌ను అక్కడే ఆపేయండి. విరిగిన అక్షరాలతో ధరల బొమ్మ ఏ రైతుకూ వెళ్లదు.