సుద్దముక్క వదిలిన మాస్టార్లు

విజయవాడ వన్ టౌన్ అనగానే హోల్‌సేలు కొట్లూ, కాళేశ్వరరావు మార్కెట్టూ గుర్తొస్తాయి. అదే వన్ టౌన్‌లో కొత్తపేట వైపు వెళితే హిందూ హైస్కూలు, కేబీఎన్ కాలేజీ. బేరాల హోరుకీ పాఠాల హోరుకీ మధ్య పెద్ద దూరం లేదు. ఇలాంటి చోట బీఈడీ చేసి, ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పుకుంటూ డీఎస్సీ కోసం ఎదురుచూసేవాళ్లకు ఓ లెక్క కంఠతా వచ్చు. 2018 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పూర్తిస్థాయి డీఎస్సీ జరిగింది 2025లో. పోస్టులు 16,347. బాగానే ఉంది. మరి మధ్యలో పోయిన ఏడేళ్లు? పాతికేళ్ల కుర్రాడికి ముప్ఫై రెండొచ్చేశాయి. తన దగ్గర త్రికోణమితి నేర్చుకున్న పిల్లాడు ఈలోగా హైదరాబాదులో ఫ్లాటుకి అడ్వాన్సు కూడా ఇచ్చేసి ఉంటాడు!

సరిగ్గా అక్కడే పుడుతుంది ఆలోచన. కోడింగ్ రాని మాస్టారికి టెక్నాలజీ రంగంలో చోటుందా? ఉంది. దాని పేరు ప్రోగ్రామ్ మేనేజ్‌మెంట్. పేరు చూసి ప్రోగ్రాములు రాయడం అనుకునేరు. కాదు. రాసేవాళ్లు, పరీక్షించేవాళ్లు, డబ్బిచ్చేవాళ్లు, వాడుకునేవాళ్లు... ఇంతమంది పనినీ అనుకున్న తేదీకి ఒక కొలిక్కి తేవడం.

ఆగిరిపల్లి నుంచి రక్షణ శాఖకు

ఇది నిన్నమొన్న పడ్డ దారి కాదు. విజయవాడ నుంచి నున్న మీదుగా నూజివీడు వెళుతుంటే ఆగిరిపల్లి వస్తుంది. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. సూరి భగవంతం 1909లో పుట్టింది ఆ ఊళ్లోనే. కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర పరిశోధన చేసి, 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరారు. ప్రొఫెసరయ్యారు. ఉస్మానియాకు వైస్ చాన్స్‌లర్, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్ అయ్యారు. 1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు పదవి వచ్చింది. అంటే డీఆర్‌డీఓ బాధ్యత మొత్తం ఆయనదే. ఏడాది తిరిగేసరికి చైనాతో యుద్ధం!

సైన్యానికి కావలసింది ఒకటి, ప్రయోగశాల చేయగలిగింది ఇంకొకటి, ఖజానా ఇచ్చేది మరొకటి. ఆ మూడింటినీ కలపాల్సిన కుర్చీలో ఆయన 1969 దాకా కూర్చున్నారు. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్న డి.ఎస్.కొఠారీ కూడా ఢిల్లీ యూనివర్సిటీ ఫిజిక్స్ మాస్టారే.

ఇంకో విశేషం ఉంది. దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ఎలా పెరగాలో చెప్పమని 1963లో ప్రభుత్వం హోమీ భాభా అధ్యక్షతన కమిటీ వేసింది. అందులో విక్రమ్ సారాభాయ్‌తో పాటు ఇద్దరు తెలుగువాళ్లు. ఒకరు భగవంతం. రెండోవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు. ఏ.ఎస్.రావు అంటే వెంటనే గుర్తుపడతారు. ఆయనా బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుని వచ్చినవారే. 1967లో హైదరాబాదులో పెట్టిన ఈసీఐఎల్‌ను నిలబెట్టింది ఆయనే. టీడీసీ-12 కంప్యూటర్ 1969లో వచ్చింది.

వాళ్లు మహానుభావులు, మనకెక్కడ సాధ్యం అంటారా? 2019లో మొదలైన నాడు-నేడు పనులు గుర్తుచేసుకోండి. తొలి విడతలో 15,715 బళ్లు. తల్లిదండ్రుల కమిటీతో కలిసి సిమెంటు, ఇసుక, కూలీ, బిల్లులు చూసుకుని, ఆ లెక్కలన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించింది హెడ్మాస్టర్లే. బడ్జెట్టు, గడువు, నాణ్యత, నాలుగు వైపుల నుంచీ అక్షింతలు. ప్రాజెక్టంటే అంతకన్నా ఏముంటుంది?

జవాబు తెలియని ప్రశ్న

అయితే బల్లకు ఇవతలి నుంచి అవతలికి వెళ్లినంత సులువు కాదిది. క్లాసులో మాస్టారు జవాబు తెలిసే ప్రశ్న వేస్తారు. ఇక్కడ నిజంగా తెలియకే అడగాలి. అదీ తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాడైన ఇంజినీర్ని. 'ఇది ఎప్పటికవుతుంది? ఎందుకు ఆగింది?' అని అడిగి నోరు మూసుకుని వినాలి. ఆ ఇంజినీరు చాలాసార్లు మన కింద ఉద్యోగి కూడా కాదు. గద్దిస్తే పని జరగదు. కొత్తగా వచ్చిన మాస్టార్లకు కష్టమయ్యేది సాంకేతిక పదాలు కాదు, ఇదే. పదాలదేముంది, మూడు నెలల్లో వస్తాయి.

మరి అక్కరకొచ్చేవి? నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఎంత చెప్పగలమో ముందే అంచనా కట్టడం. అర్థంకాలేదని చెప్పడానికి మొహమాటపడే పిల్లాణ్ని మొహం చూసి పట్టేయడం. మీటింగులో 'అంతా ఓకే సర్' అన్నవాడి పని ఎక్కడ ఆగిందో కనిపెట్టడానికి ఈ చూపే కావాలి.

సర్టిఫికెట్ల సంగతి కాస్త జాగ్రత్త. పేరున్న పీఎంపీ పరీక్ష రాయాలంటే డిగ్రీ ఉన్నవాళ్లకు కూడా ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు, శిక్షణ 35 గంటలు ఉండాలి. అది సాఫ్ట్‌వేర్ అనుభవమే కానక్కర్లేదు. అనుభవం లేనివాళ్లకు సీఏపీఎం ఉంది, శిక్షణ 23 గంటలు. 'రెండు నెలల్లో మేనేజర్' అనే ప్రకటన కనిపిస్తే మాత్రం పేజీ తిప్పేయండి. ఉన్న ఉద్యోగం మానేసి కోర్సులో చేరడం అంతకన్నా ప్రమాదం. ఆన్‌లైన్ చదువుల కంపెనీలు మాస్టార్లను ఎగబడి తీసుకున్న రోజులూ ఉన్నాయి, 2022 నుంచి వేలమందిని ఇంటికి పంపిన రోజులూ ఉన్నాయి. మొదట దొరికేది ట్రైనరో, కోఆర్డినేటరో. పదేళ్ల సీనియారిటీ మర్చిపోయి మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోవాలి. ఇంట్లో ఆ సంగతి ముందే చెప్పి ఒప్పించుకోవాలి.

పాఠం పూర్తిగా పోతుందేమోనన్న బెంగ చాలామందిది. భగవంతం వాల్తేరులో ఉన్నప్పుడు టి.వెంకటరాయుడుతో కలిసి గ్రూప్ థియరీ మీద రాసిన పుస్తకం 1948లో వచ్చింది. స్ఫటికాల సౌష్ఠవం మీద ఆయన ఇంకో పుస్తకం 1966లో వెలువడింది. అప్పటికి డీఆర్‌డీఓలో అయిదేళ్లు.