యూనికోడున తెలుగు వర్ణముల స్థానములు

కంప్యూటరు అక్షరము నెఱుగదు. సంఖ్యను మాత్రమే యెఱుగును. ఏ యక్షరమున కే సంఖ్య యను నొడంబడిక ముందుగా లేనిచో ఒక యంత్రమున వ్రాసినది మఱియొక యంత్రమున చదువ వీలుపడదు. అట్టి యొడంబడికలలో ప్రసిద్ధమైన ఆస్కీ 1963లో అమెరికాలో వెలువడినది. అందలి స్థానములు 128 మాత్రమే. ఆంగ్లమునకవి చాలినవి. తక్కిన భాషల ప్రసక్తి యందు లేదు.

భారతీయ లిపులకై యేర్పడిన ఇస్కీ 1991లో ఐ.ఎస్. 13194 అను సంఖ్యతో జాతీయ ప్రమాణమైనది. బ్రాహ్మీజన్యములగు లిపులన్నిటి వర్ణక్రమము ఇంచుమించుగా నొక్కటియే గాన పట్టికయు నొక్కటియే చాలునని దాని మూలసూత్రము. ఆ సంవత్సరముననే తొలిరూపము వెలువడిన యూనికోడు లిపి కొక్కటిగా 128 స్థానముల పేటల నేర్పఱచినను, లోపలి వరుసను 1988 నాటి ఇస్కీ నుండియే గ్రహించినది. తెలుగు పేట 3072 మొదలు 3199 వఱకు గలదు. సున్న మొదలు లెక్కించినచో నాగరి, తమిళము, తెలుగు ఈ మూడింటను 21వ స్థానము కకారమునదే. మన యరసున్నకు యూనికోడున ‘చంద్రబిందు’ వను పేరు వచ్చుటకును ఈ సమాంతరతయే కారణము.

ఈ పద్ధతివలన కొన్ని స్థానములు ఖాళీ పడినవి. తమిళ మలయాళములలో 52వ స్థానము ఴకారమునది. ఆధునికమైన తెలుగున ఆ వర్ణము లేదు గాన మన పేటలో నది శూన్యముగా నుండెను. కాని ప్రాచీన శాసనములు చూచినవారికి ఴ క్రొత్త గాదు. చోఴ శబ్దమే పిదప చోడ యైనది. 2014లో గాని ఴ తెలుగు పేటలో చేరలేదు. అంతవఱకు శాసనపాఠమును యంత్రమున కెక్కించువాడు ళ యనియో డ యనియో వ్రాయవలసినదే. డకారము వ్రాసినచో వర్ణపరిణామమునకు సాక్ష్యము పోయి, పరిణామఫలమే మూలపాఠముగా నిలుచును. ధ్వనిచరిత్ర శోధించు విద్యార్థికి ఇంతకు మించిన కీడేమి? శాసనములందలి మఱియొక ప్రాచీనవర్ణము ౚ 2015లో చేరినది.

బాలవ్యాకరణము తెలుగు వర్ణములలో లెక్కించిన దంత్య ౘ, ౙ లకు 2008లో స్థానము దొరకినది. అయితే వరుసలో చకారము ప్రక్కన చోటు లేక వానిని 3160, 3161 సంఖ్యలయందుంచిరి. హకారము సంఖ్య 3129 మాత్రమే. సంఖ్యాక్రమమునే అకారాదిక్రమముగా గొన్న పదసూచికలో ‘ౘలి’ ‘హారము’నకు తరువాత పడును. బడిలో హకారము తరువాత నేర్చిన ళ యిచట వకారమునకు ముందే నిలుచును. కావున సూచికకు వేఱుగా క్రమనియమము నీయవలసియుండును. ఆ పని యంత్రమునకు వదలరాదు.

యూనికోడు వర్ణమును గుర్తించును. ఆకృతి ఫాంటు పని. ‘స్త్రీ’ యనుదానియందు స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము అని ఆఱు సంకేతములు గలవు. యు.టి.ఎఫ్-8 పద్ధతిలో నొక్కొక్కటి మూడు బైట్లు గాన మొత్తము పదునెనిమిది. పూర్వపు ముద్రణఫాంట్లలో ఇట్లు గాదు. ఆంగ్లాక్షరముల సంఖ్యలయందే తలకట్టును, గుడిని, ఒత్తులను ముక్కలుగా నుంచి, కంటికి కనబడు వరుసలో పేర్చెడివారు. ఆ ఫాంటు లేని యంత్రమున తెలుగు పుట అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడును. అట్లు కూర్చిన గ్రంథములను మార్చునప్పుడు ఒత్తుల వరుసయే మొదట సరిచూడదగినది; ఏలయన అచట అచ్చుగుర్తు ముందును ఒత్తులు తరువాతను ఉండును, యూనికోడున దీనికి విపర్యయము.

ఇటీవలి చిక్కు నకారపొల్లు. పాత కావ్యముద్రణములలో ప్రత్యేకాకృతితో కనబడు ౝ 2021లో చేరినది. అంతకుముందు దానిని నకారమునకు పొల్లు చేర్చియే వ్రాసిరి. ఇపుడు ‘వచ్చెన్’ అని వెదకిన ‘వచ్చెౝ’ దొరకదు. యంత్రమున కవి వేర్వేఱు పదములు. ప్రయోగసంఖ్యలు లెక్కించు పరిశోధకుడు రెండురూపములను వెదకవలెను, లేదా పాఠమునంతయు నొక్క రూపమునకు మార్చి, ఏ రూపమునకు మార్చెనో పీఠికలో చెప్పవలెను.