వాషింగ్ మెషీన్‌లో నీళ్ళు నిలిచిపోతే...

మన ఊళ్ళో మెషీన్ చెడిపోతే వీధి చివరి మెకానిక్కుకి కబురు పెడితే సరిపోతుంది. ఇక్కడ ఒక్కోసారి అతను రావడానికే వారం పడుతుంది. జెర్సీ సిటీలో మాలాగా పాత ఇళ్ళలో పై అంతస్తులో ఉండేవాళ్ళకి ఇంకో భయం కూడా ఉంది. మన నీళ్ళు పొంగితే తడిసేది కింది వాళ్ళ సీలింగు! అందుకే తరచుగా వచ్చే ఒక సమస్య గురించి నాకు తెలిసినంతలో రాస్తున్నాను. ఉతకడం అయ్యాక నీళ్ళు బయటికి పోకపోవడం.

నీళ్ళు పోకపోతే మెషీన్ స్పిన్ చెయ్యదు. ఫ్రంట్ లోడర్ అయితే తలుపు కూడా తెరుచుకోదు. అది చూసి మోటారు పోయిందని కంగారు పడతాం. చాలాసార్లు అసలు కారణం డ్రెయిన్ పంపు ఫిల్టరులో అడ్డు.

ముందు ప్లగ్గు తీసి, కుళాయిలు కట్టేయండి. వేడి నీళ్ళయితే చల్లారనివ్వండి. చాలా ఫ్రంట్ లోడర్లలో ఫిల్టరు ముందువైపు, కింద, చిన్న తలుపు వెనక ఉంటుంది. తువ్వాలు పరిచి, పళ్ళెం పెట్టి, పక్కన సన్న గొట్టం ఉంటే దానితో నీళ్ళు వదలండి. ఆ తర్వాతే ఫిల్టరు మెల్లగా తిప్పండి. మా మెషీన్‌లో దొరికినవి రెండు క్వార్టర్లు, పిల్లవాడి మేజోడు, చీర పిన్నీసు. టార్చి వేసి లోపలి పంపు చక్రానికి దారాలు, జుట్టు చుట్టుకున్నాయేమో కూడా చూడండి.

టాప్ లోడర్లలో చాలావాటికి బయటినుంచి తీసే ఫిల్టరు ఉండదు. వెనక గొట్టం నలిగిందేమో, మూత సరిగ్గా పడుతోందో లేదో చూడండి. సబ్బు ఎక్కువైనా చిక్కే. నురగతో పంపు నీళ్ళు సరిగ్గా తోడలేదు.

మెషీన్ నీళ్ళు తోస్తున్నా గోడ పైపు లోంచి పొంగుతుంటే లోపం ఇంటి డ్రెయిన్‌లో ఉందన్నమాట. అప్పుడు పిలవాల్సింది ప్లంబర్‌ని. జెర్సీ సిటీలో చాలాచోట్ల వాననీరు, మురుగునీరు ఒకే గొట్టాల్లో పోతాయి. పెద్ద వానలో అవి నిండితే బేస్‌మెంటులోకి వెనక్కి తన్నవచ్చు. అలాంటి వాన పడుతున్నప్పుడు బట్టలు వెయ్యకపోవడమే మంచిది.

2012లో శాండీ, 2021లో ఐడా తుఫానులప్పుడు ఈ ఊళ్ళో బేస్‌మెంట్లు మునిగాయి. అలా మునిగిన మెషీన్ ఎండినట్టు కనిపించినా, తెలిసినవాళ్ళు పరీక్షించేదాకా ప్లగ్గు పెట్టకండి. తడి నేల మీద నిలబడి ప్లగ్గు ముట్టుకోకండి.

ఫిల్టరు శుభ్రం చేశాక కూడా పంపు మూలుగుతూ తిరగకపోయినా, కాలిన వాసన వచ్చినా అక్కడితో ఆపేసి మెకానిక్కుని పిలవండి. అద్దె ఇల్లయితే ఏదైనా విప్పే ముందే యజమానికి చెప్పండి. ఇక బట్టలు వేసే ముందు జేబులు, చీర కుచ్చెళ్ళు ఒకసారి తడిమి చూస్తే సగం రిపేర్ల అవసరమే రాదు.