మన పెద్దాసుపత్రి పద్దు చూసేదెవరు?

మన గోదారి జిల్లాల్లో నర్సింగ్ హోమ్ అంటే ప్రైవేటు డాక్టరుగారి ఆసుపత్రి. బయట బోర్డు, లోపల పది మంచాలు, పక్కనే మందుల షాపు. అమెరికాలో ఆ మాటకి అర్థం వేరు. మంచం దిగలేని ముసలోళ్లని చూసుకునే ఇల్లు అది. అలాంటివి కొన్నిటిని అక్కడ కౌంటీయే సొంతంగా నడుపుద్ది. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా అనుకోండి. ఆ ఇంటికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత లోటు పడింది అని కౌంటీకి ఎన్నికైన సభ్యులు బహిరంగ సమావేశంలో అడుగుతారు. జనం వెళ్లి వినొచ్చు. న్యూయార్క్, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో చాలా కౌంటీలు లోటు భరించలేమని చెప్పి ఆ ఇళ్లని ప్రైవేటోళ్లకి అమ్మేశాయి.

ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకూ అనకండి. నష్టం, లాభం, ప్రైవేటు అనే మూడు మాటలు మన గుమ్మంలోకీ వచ్చేశాయి. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పది కొత్త వైద్య కళాశాలల్ని పీపీపీ పద్ధతిలో, అంటే ప్రైవేటు భాగస్వామ్యంతో నడపడానికి ఒప్పుకుంది. ఆ పదిలో మన అమలాపురం ఉంది, పాలకొల్లు ఉంది. మంచిదని కొందరు, అన్యాయమని కొందరు వాదించుకున్నారు. నా మటుకు నాకు ఇది తప్పు దారే. అయితే వాదనకి దిగేముందు మన కుర్రాళ్లకి ఒక సంగతి తెలిసుండాలి. ఇప్పుడు సర్కారు చేతిలో ఉన్న ఆసుపత్రికి డబ్బు ఎటునుంచి వస్తాది, ఎవరు ఖర్చు పెడతారు, ఆ లెక్క ఎవరు చూస్తారు? ఇది తెలీకుండా ‘సర్కారాసుపత్రి దండగ’ అన్నోడికి మనం ఏం జవాబు చెప్తాం?

డబ్బు మూడు కాలవల్లో వస్తాది.

మొదటిది పెద్ద కాలవ. డాక్టర్లు, నర్సుల జీతాలు, భవనాలు, పెద్ద యంత్రాలు. ఇది రాష్ట్ర బడ్జెట్ నుంచి వస్తాది, ట్రెజరీ ద్వారా పోద్ది. మందుల్లో ఎక్కువ భాగం ఏపీఎంఎస్ఐడీసీ అనే రాష్ట్ర సంస్థ కొని, జిల్లా మందుల గోదాముల నుంచి ఆసుపత్రులకి పంపుద్ది. అర్జంటుగా కావాల్సినవి ఆసుపత్రే స్థానికంగా కొనుక్కోడానికి కొంత వీలుంటాది. ఈ పెద్ద కాలవ లెక్కని కాగ్ తనిఖీ చేసి శాసనసభకి నివేదిక ఇస్తాది. అది మన ఊరి ఆసుపత్రి దాకా వచ్చి, ఫలానా వార్డులో ఫలానా మంచం విరిగిందని చెప్పదు. రాష్ట్రం మొత్తానికి చెప్పుద్ది, అదీ కొన్నేళ్ల తరవాత.

రెండోది పిల్ల కాలవ. దీని గురించే ఎక్కువ మందికి తెలీదు. ప్రతి ఆసుపత్రికీ ఆసుపత్రి అభివృద్ధి సంఘం అని ఒకటుంటాది. అందరూ హెచ్‌డీఎస్ అంటారు. చాలా రాష్ట్రాల్లో దీన్నే రోగి కల్యాణ సమితి అంటారు. ఈ ఆలోచన 1994లో మధ్యప్రదేశ్ ఇండోర్‌లోని మహారాజా యశ్వంతరావు ఆసుపత్రిలో మొదలైంది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక దేశమంతా పాకింది. ఆ మిషన్ మొదట్లో పెట్టిన లెక్క ప్రకారం ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏటా 25 వేలు విడి నిధి, 50 వేలు నిర్వహణకి, లక్ష రూపాయలు సమితికి. మొత్తం 1 లక్షా 75 వేలు. ఊళ్లో పీహెచ్‌సీ కుళాయి కారుతుంటే బాగుచేయించడానికి రాజధానికి ఫైలు రాయక్కర్లేకుండా ఇచ్చిన డబ్బు ఇది.

ఈ సంఘం ఖాతాలో ఇంకా చాలా పడతాయి. ఆసుపత్రి ఆవరణలో షాపుల అద్దె, క్యాంటీను, సైకిల్ స్టాండు వేలం, దాతలిచ్చిన విరాళం. వీటన్నిటికంటే పెద్దది ఆరోగ్యశ్రీ డబ్బు. 2007లో మొదలైన ఈ పథకానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. పేరేదైనా లెక్క ఒకటే. కార్డున్న రోగికి ఆపరేషన్ చేస్తే ప్రైవేటాసుపత్రికి ఎలా డబ్బొస్తాదో, సర్కారాసుపత్రికీ అలాగే వస్తాది. అందులో కొంత చికిత్స చేసిన సిబ్బందికి ప్రోత్సాహకంగా పోద్ది, కొంత ఆసుపత్రి బాగుకి మిగులుద్ది.

మూడోది స్థానిక సంస్థల కాలవ. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు అయిదేళ్లకి, దేశం మొత్తం మీద ఒక్క ఆరోగ్యానికే, స్థానిక సంస్థల పేరున 70,051 కోట్లు సిఫార్సు చేసింది. సబ్‌సెంటర్ల భవనాలు, పరీక్షల సామాను లాంటివాటికి. డబ్బు స్థానిక సంస్థల పేరున వచ్చిందంటే, దాని గురించి అడిగే హక్కు మన సర్పంచికీ, ఎంపీటీసీకీ, జెడ్పీటీసీకీ ఉన్నట్టే కదా.

మరి వీటిని చూడాల్సినోళ్లెవరు?

రాజ్యాంగం సంగతి ముందు చూద్దాం. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. దాంతో వచ్చిన 11వ షెడ్యూల్లో పంచాయతీరాజ్ సంస్థలకి ఇవ్వదగ్గ అంశాలు 29 ఉన్నాయి. అందులో 23వది ఆరోగ్యం, పారిశుధ్యం. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలు అని విడమరిచి మరీ రాశారు. అయితే 243జి అధికరణలో ‘ఇవ్వాలి’ అని లేదు, ‘ఇవ్వవచ్చు’ అని ఉంది. ఆ ఒక్క మాట పట్టుకునే రాష్ట్రాలు ఆసుపత్రుల్ని తమ గుప్పిట్లోనే ఉంచుకున్నాయి. విచిత్రం ఏంటంటే, తెల్లోళ్ల కాలంలో, మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, మన జిల్లా బోర్డులే బళ్లూ, రోడ్లూ, ఆసుపత్రులూ నడిపేవి.

అయినా జిల్లా పరిషత్ చేతిలో ఏమీ లేదనుకోకండి. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం జెడ్పీకి ఏడు స్థాయీ సంఘాలున్నాయి. అందులో నాలుగోది విద్య, వైద్యం చూసే సంఘం. జిల్లా వైద్యాధికారిని పిలిచి లెక్క అడిగే చోటు అది. ఇక్కడ మన జిల్లాలకి ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి గానీ జెడ్పీలు పాత హద్దుల్లోనే ఉండిపోయాయి. రాజమండ్రి కలెక్టరేటు రాజమండ్రిలో, జెడ్పీ కాకినాడలో. భీమవరం కలెక్టరేటు భీమవరంలో, జెడ్పీ ఏలూరులో. అధికారి ఒక ఊళ్లో, అడిగేవోడు ఇంకో ఊళ్లో ఉంటే అడగడం ఎంత సాగుద్దో మీరే ఆలోచించండి.

హెచ్‌డీఎస్‌కి సాధారణంగా కలెక్టరో, ఎమ్మెల్యేనో, స్థానిక ప్రజాప్రతినిధో అధ్యక్షత వహిస్తారు. సూపరింటెండెంటో, మెడికల్ ఆఫీసరో కన్వీనర్‌గా ఉంటారు. కాగితం మీద చక్కగానే ఉంది. అధ్యక్షుడికి తీరిక లేకపోతే సమావేశం లేదు. సమావేశం లేకపోతే తీర్మానం లేదు. తీర్మానం లేకపోతే ఖర్చు లేదు.

చాలామంది లెక్క చూడడమంటే దొంగని పట్టుకోవడమే అనుకుంటారు. అది సగమే. ఒక ఉదాహరణ వేసుకుందాం, అంకెలు నేను ఊహించినవే. ఒక ఆసుపత్రి సంఘం ఖాతాలో ఏడాది మొదట్లో 6 లక్షలున్నాయి. ఏడాదిలో 14 లక్షలొచ్చాయి. 5 లక్షలు ఖర్చయ్యాయి. చివర్లో 15 లక్షలు మిగిలాయి. పైసా తినలేదు, ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం లేదు. పైకి చూస్తే బ్రహ్మాండం. కానీ ఆ ఏడాదే వార్డులో ఫ్యాను తిరగలేదు, బాలింతకి దుప్పటి లేదు, సూదిమందు బయట కొనుక్కురమ్మని చీటీ రాశారు. అది పొదుపా? రోగి జేబులోంచి తీసి బ్యాంకులో దాచినట్టు కాదూ?

ఇలా ఎందుకవుద్దంటే, ఖర్చు పెట్టిన అధికారిని రేపు ఆడిట్ అడుగుద్ది. ఖర్చు పెట్టని అధికారిని ఎవడూ అడగడు. నిజాయితీ ఉన్న డాక్టరుకి కూడా సంతకం పెట్టాలంటే చెయ్యి వణుకుద్ది. సంఘం మూడు నెలలకోసారైనా కూర్చుని, తీర్మానం రాసి, గోడమీద లెక్క అంటిస్తే ఆ డాక్టరుకే ధైర్యం. పర్యవేక్షణంటే కర్రే కాదండి, గొడుగు కూడా.

దీనివల్ల ముందుగా నలిగిపోయేది ముసలోళ్లు. కోనసీమలో ఎన్నో ఇళ్లల్లో పిల్లలు గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది డెబ్బై దాటినోళ్లు. 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. సర్కారాసుపత్రుల్లో వీలైనంత వరకు వృద్ధులందరికీ మంచాలివ్వాలని, వాళ్లకి వేరే క్యూ ఉండాలని 20వ సెక్షన్ చెప్తాది. జిల్లాకి కనీసం ఒకటి, 150 మంది నిరుపేద వృద్ధులు ఉండేలా ఆశ్రమం పెట్టొచ్చని 19వ సెక్షన్ చెప్తాది. ఇక్కడా మళ్లీ ‘పెట్టవచ్చు’ అనే మాటే. కాబట్టి మన ముసలోళ్లకి జబ్బు చేసినా, కాలు విరిగినా, చూసేవాళ్లు లేకపోయినా చివరికి దిక్కు ఆ సర్కారాసుపత్రి మంచమే.

సరే, మనం ఏం చెయ్యాలి?

సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. ఒక తెల్లకాగితం చాలు. ఆసుపత్రి ప్రజా సమాచార అధికారి పేరున రాయాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకి దిగువున్నోళ్లకి అదీ లేదు. ‘ఆసుపత్రిలో అవినీతి జరుగుతోంది, వివరాలివ్వండి’ అని రాస్తే ఏమీ రాదు. కాగితం పేరు చెప్పి అడగాలి:

1. గత రెండేళ్లలో ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశాలు జరిగిన తేదీలు, తీర్మానాల నకళ్లు.
2. సంఘం బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్, ఆడిట్ నివేదిక.
3. వైద్య సేవ పథకం కింద ఎన్ని క్లెయిములు పంపారు, ఎన్ని ఒప్పుకున్నారు, ఎన్ని తిరస్కరించారు, ఎంత జమయింది.
4. స్థానికంగా కొన్న మందుల బిల్లులు.
5. ఆవరణలో షాపులు, స్టాండు, క్యాంటీను ఎవరికి, ఎంతకి, ఎప్పటిదాకా ఇచ్చారు.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. నకళ్లు వద్దనుకుంటే వెళ్లి రికార్డులు కళ్లతో చూసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. అసలు నాలుగో సెక్షన్ ప్రకారం బడ్జెట్, ఖర్చు వివరాలు మనం అడక్కుండానే బయటపెట్టాలి.

మూడో ప్రశ్న మీద మీ దృష్టి ఎక్కువ పెట్టండి. ఆపరేషన్ చేసి, ఫోటోలు, కాగితాలు సరిగా ఎక్కించక క్లెయిము పోతే, ఆ నష్టం ఆసుపత్రిది. అలాంటివి పోగుపడితే చివరికి ‘సర్కారోళ్లకి నడపడం రాదు, ప్రైవేటుకిచ్చేద్దాం’ అంటారు. అక్కడ లేనిది డాక్టరు కాదు, ఒక డేటా ఎంట్రీ కుర్రాడు. ఆ సంగతి కాగితం చూస్తేనే బయటపడుద్ది.

రెండోది, ఉపాధి హామీ పనికి సామాజిక తనిఖీ ఉన్నట్టు ఆసుపత్రికీ కావాలని అడగాలి. 2006లో ఉపాధి పనుల మీద ఊరి కుర్రాళ్లే మస్టర్లు చదివి, గ్రామసభలో బిగ్గరగా వినిపించిన రాష్ట్రం మనది. మేఘాలయ 2017లో ఏకంగా చట్టమే చేసి ఆరోగ్యాన్ని కూడా అందులోకి తెచ్చింది. మస్టరు చదివినోడు మందుల రిజిస్టరు చదవలేడా?

మూడోది, మీ జెడ్పీటీసీ ఎవరో, ఆయన ఏ స్థాయీ సంఘంలో ఉన్నారో కనుక్కోండి. ఇంటికెళ్లి మర్యాదగానే అడగండి: ‘అండీ, వైద్యం మీద మీటింగులో మన ఆసుపత్రి గురించి ఏం మాట్లాడారు?’ అని. ఒకరు అడిగితే నవ్వేస్తారు. పదిమంది, పది ఊళ్లనుంచి అడిగితే తరవాతి మీటింగుకి కాగితాలు పట్టుకెళ్తారు.

మన డెల్టాలో రైతుకి ఈ పని కొత్త కాదు. లాకు దగ్గర ఎన్ని నీళ్లొదిలారు, శివారు చేలకి ఎన్నొచ్చాయి, మధ్యలో ఎక్కడ గండి పడింది అని గట్టుమీద నిలబడి అడుగుతాడు. పైన నిండుగా ఉంది కదా అని ఊరుకోడు, తన మడికి చేరిందా లేదా అదే చూస్తాడు. ఆసుపత్రి డబ్బుని కూడా అలాగే శివారు మంచం దగ్గర నిలబడి లెక్క చూడాలి. అమలాపురమైనా, పాలకొల్లైనా, రాజమండ్రైనా, రేపు ఎవరి చేతిలో పెట్టాలో తేల్చేముందు ఇన్నాళ్ల పద్దు జనం ముందు విప్పాలి. ఆ అయిదు ప్రశ్నల కాగితం ఈ వారమే రాయండి.