బల్బు మార్చే ముందు ఒక్క మాట

గత దసరా సెలవుల్లో జరిగిన సంగతి. సిద్దిపేటలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో పండగ చేసుకుని రాత్రి పూట సికింద్రాబాద్ తిరిగొస్తున్నాం. నాన్న డ్రైవింగ్, పక్కన నేను, వెనక అమ్మా చెల్లీ. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఇంకా రాలేదు. ఉన్నట్టుండి ప్లాస్టిక్ కాలిన వాసన. "ఎవరో చెత్త తగలబెడుతున్నట్టున్నారు" అన్నాన్నేను. నిమిషం గడిచిందో లేదో, హెడ్‌లైట్లు రెండూ ఒకేసారి ఆరిపోయాయి.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనుకి 22 మీటర్లు ముందుకు పోతుంది. ఆ చీకట్లో నాన్న ఎలా చూశారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. హజార్డ్ లైట్లు వేసి, మెల్లగా ఎడమ పక్కకి దించి ఆపారు. వెనకాల వస్తున్న లారీ పెద్దగా హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాన్న మాత్రం ఒకే మాట అడిగారు: "లైట్లు మొన్ననే కదరా మార్పించావు?"

అవును, మార్పించింది నేనే. రాత్రిళ్ళు రోడ్డు సరిగ్గా కనబడట్లేదని నాన్న అంటుంటే సర్‌ప్రైజ్ ఇద్దామని ఒక యాక్సెసరీస్ షాపుకి వెళ్ళి కంపెనీ బల్బులు తీయించి 100/90 వాట్ల బల్బులు వేయించాను. రెండోరోజే ఫ్యూజ్ పోయింది. షాపతను నవ్వి, ఇంకాస్త పెద్ద ఫ్యూజ్ పెట్టి "ఇగ పోదు" అన్నాడు. నేనూ తలూపాను. నేను చదువుతున్నది ఈఈఈ మూడో సంవత్సరం!

సాహితీ పత్రికలో ఈ కార్ల గోలేంటి అనుకోకండి. మన హాస్టల్ పార్కింగ్‌లో ఒక రౌండ్ వేస్తే చాలు, ఇది ఎందుకు రాస్తున్నానో తెలుస్తుంది. ఇంట్లో పాత కారు మన చేతికి రాగానే మనకి మొదట గుర్తొచ్చేది టైర్లూ లైట్లూ సౌండూ. అందుకే నేను చేసిన తప్పు, ఆ తర్వాత నేర్చుకున్న నాలుగు ముక్కలు మీ ముందు పెడుతున్నాను.

ఫ్యూజ్ ఉన్నది కాలిపోడానికే

మర్నాడు మా వీధి చివర మెకానిక్ అన్న బానెట్ తెరిచి, ఫ్యూజ్ బాక్స్ మూత తీసి నన్ను పిలిచాడు. 10 ఆంపియర్లు ఉండాల్సిన చోట 20 ఆంపియర్ల ఫ్యూజులు ఉన్నాయి. స్టీరింగ్ పక్కనుండే లైట్ల స్విచ్ లోపల కరిగి ముద్దయిపోయింది. "తమ్మీ, ఫ్యూజ్ ఉన్నది కాలిపోడానికే. అది కాలకపోతే వైరు కాల్తది" అన్నాడు. నాలుగు సెమిస్టర్లలో నాకు ఎక్కని పాఠం ఆ ఒక్క మాటతో ఎక్కింది.

లెక్క చాలా సింపుల్. మామూలు హెచ్4 హాలోజెన్ బల్బు హైబీమ్‌లో 60 వాట్లు, లోబీమ్‌లో 55 వాట్లు. ఆ టైపు బల్బుకి ఆమోదించిన వాటేజి కూడా అదే. 12 వోల్టుల దగ్గర 60 వాట్లంటే 5 ఆంపియర్లు. 100 వాట్లంటే 8.3 ఆంపియర్లు. వైరులో, కనెక్టర్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే వైరు, అదే స్విచ్ దాదాపు 2.8 రెట్లు వేడెక్కుతాయి. ఇంజన్ నడుస్తున్నప్పుడు సిస్టమ్ వోల్టేజి 14 దాకా ఉంటుంది, అంటే కరెంటు ఇంకా ఎక్కువ. 10 ఆంపియర్ల ఫ్యూజ్ పోయిందంటే అది తన పని తాను చేసిందన్నమాట. దాని నోరు మేమే మూయించాం.

"రిలే పెట్టుకుంటే సరిపోయేది కదా?" అని మా క్లాసులోనే ఒకడు అడిగాడు. రిలే వేస్తే స్విచ్ బతుకుతుంది, నిజమే. కానీ రిఫ్లెక్టర్ మీద పడే వేడి తగ్గదు, ఎదుటివాడి కళ్ళలో కొట్టే వెలుగూ తగ్గదు. హాలోజెన్ కోసం చేసిన డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు దూర్చినా ఇదే తంటా. ఆ రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఫిలమెంట్ ఎక్కడుంటుందో లెక్కగట్టి చేసింది. వెలుగు పుట్టే చోటు కాస్త అటూ ఇటూ అయితే కిరణాలు చెదిరిపోతాయి. మనకి దగ్గర్లో తెల్లగా మెరుస్తుంది గానీ దూరం కనబడదు, ఎదురొచ్చేవాడికి అసలేమీ కనబడదు.

మరి వెలుతురు తక్కువైతే ఏం చేయాలి? మా కారులో అసలు లోపం మూడు చోట్ల ఉందని తేలింది. ఒకటి, డూమ్ ప్లాస్టిక్ ఎండకి పసుపెక్కిపోయింది. పాలిష్ పట్టిస్తే తేటపడింది. రెండు, ఎర్త్ వైరు దగ్గర తుప్పు. బల్బుకి చేరే వోల్టేజి 12 నుంచి 11కి పడితే హాలోజెన్ వెలుతురు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. ఎర్త్ శుభ్రం చేసి బిగిస్తే చాలు. మూడు, లైట్ల ఎత్తు సరిచేయలేదు. ఈ మూడూ అయ్యాక కంపెనీ వాటేజి కొత్త బల్బులతోనే రోడ్డు బ్రహ్మాండంగా కనబడుతోంది.

ఆర్‌సీ అంటే కారు జాతకం

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు తేడా పడేలా యజమాని బండిని మార్చకూడదని దాని సారాంశం. ఇంజన్, ఛాసిస్, ఇంధనం, సీట్లు, రంగు - ఇవన్నీ ఆర్‌సీకి ఎక్కిన విషయాలే. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. "ఒక్కో మార్పుకి" అన్న మాట గమనించండి. నాలుగు మార్పులుంటే నాలుగు ఐదువేలు.

అలాగని ఏదీ ముట్టుకోకూడదని కాదు. సీఎన్‌జీ కిట్ పెట్టాలన్నా, రంగు మార్చాలన్నా, దివ్యాంగుల కోసం కంట్రోల్స్ మార్పించాలన్నా దారి ఉంది. ఆర్‌టీఏకి చెప్పి, ఆమోదం పొందిన కిట్ వాడి, ఆర్‌సీలో రాయించుకోవాలి. మ్యూజిక్ సిస్టమ్, డ్యాష్‌క్యామ్, రివర్స్ కెమెరా లాంటివి ఆర్‌సీ జోలికి రావు. కాకపోతే ఖరీదైనవి బిగించినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పడం మేలు. క్లెయిమ్ రోజున సర్వేయర్ మొదట వెతికేది మనం కోసి అతికించిన వైర్లనే.

సూటిగా నిషేధం ఉన్నవీ ఉన్నాయి. రకరకాల రాగాలు తీసే మల్టీటోన్ హారన్లు వద్దని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. సైలెన్సర్ తీసేసి ఉత్త గొట్టం పెట్టడం కూడా తప్పే. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు 2012లోనే తీర్పిచ్చింది. 2022లో మన హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు సినిమా హీరోల కార్లనే ఆపి ఫిల్ములు పీకించారు. మన హ్యాచ్‌బ్యాక్ ఏపాటిది! ముందు బంపర్‌కి బిగించే ఇనప బుల్‌బార్లు వద్దని కేంద్రం 2017 డిసెంబర్‌లో రాష్ట్రాలకు రాసింది. ఢీకొన్నప్పుడు ఆ దెబ్బ తగిలే తీరుని బట్టే ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు స్పందిస్తాయి. మధ్యలో ఇనప కడ్డీ పెడితే ఆ లెక్క తప్పుతుంది, అడ్డొచ్చిన మనిషికి దెబ్బా గట్టిగా తగులుతుంది.

టైరు మీది అక్షరాలు చదువుదాం

రాణిగంజ్ వైపు స్పేర్ పార్ట్స్ దుకాణాల ముందు నిలబడితే "వెడల్పు టైర్ వేద్దాం అన్నా, గ్రిప్ వస్తది" అనే మాట వినబడుతూనే ఉంటుంది. ఆ మాట వినే ముందు టైరు పక్కన ఉన్న అక్షరాలు చదవాలి. 185/65 R15 88H అని ఉందనుకోండి. 185 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. R అంటే రేడియల్. 15 అంటే అంగుళాల్లో రిమ్. 88 లోడ్ ఇండెక్స్, అంటే ఒక్కో టైరు మోయగల బరువు 560 కిలోలు. H అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు పరీక్షించిన టైరు.

ఈ టైరు మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. దాని బదులు 205/65 R15 వేస్తే 647.5 అవుతుంది. అంటే 4.2 శాతం ఎక్కువ. స్పీడోమీటర్ చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుందే గానీ, ఎంత దూరం పోయిందో దానికి తెలీదు. పాత టైర్లతో మీటరు 100 చూపే చోట ఇప్పుడూ 100 అనే చూపుతుంది, బండి మాత్రం ఇంకో నాలుగు కిలోమీటర్లు ఎక్కువ వేగంలో ఉంటుంది. ఓడోమీటర్ దూరం తక్కువ రాస్తుంది, దాంతో మైలేజీ పడిపోయిందని మనం మెకానిక్ మీద పడతాం. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు ఫెండర్‌కి రాసుకోవచ్చు కూడా. పెద్ద రిమ్ మీద మోజుంటే అదే మోడల్ టాప్ వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన సైజు చూడండి. పై ఉదాహరణలో 195/55 R16 అయితే వ్యాసం 620.9 వస్తుంది, తేడా లేనట్టే. లోడ్ ఇండెక్స్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తగ్గకూడదు.

వయసు చూడటం కూడా నేర్చుకోండి. డాట్ అనే అక్షరాల వరసలో చివర నాలుగంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. "కొత్త స్టాకే" అని చెప్పినా వంగి చూసుకోవడం మన హక్కు. ఇక అరుగుదల. గాళ్ళ మధ్య అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పై రబ్బరు అరిగి వాటితో సమానమైతే ఆ టైరు పనైపోయినట్టే. కార్లకి చట్టం పెట్టిన హద్దు కూడా అదే. రెండు టైర్లే కొనే డబ్బుంటే కొత్తవి వెనక వేయించండి, ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే. వానలో వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని అదుపు చేయడం మనలాంటి వాళ్ళ వల్ల కాదు.

అన్నిటికంటే చవకైన మాడిఫికేషన్ గాలి చూసుకోవడం. డ్రైవర్ డోర్ తెరిస్తే కనబడే స్టిక్కర్ మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠ పరిమితి, అంత కొట్టించకూడదు. పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మే నెల ఎండలో ఓఆర్‌ఆర్ ఎక్కేవాళ్ళు "గాలి తక్కువుంటే పేలదు" అనుకుంటారు. జరిగేది తిరకాసు. గాలి తక్కువైతే పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగి లేస్తుంది, ఆ వంగుడికే టైరు వేడెక్కి చీలిపోతుంది. నైట్రోజనే కావాలా అంటే, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. నెలకోసారి గాలి చూసుకునేవాడికి అదే చాలు.

వైరు కోయకుండా

ఎలక్ట్రానిక్స్ పెట్టించేటప్పుడు ఒకే మాట అడగండి: "కప్లర్ టు కప్లర్ ఉందా?" అంటే కంపెనీ వైరింగ్ కోయకుండా సాకెట్‌లోకి సాకెట్ దిగేదన్నమాట. కోసి టేపు చుట్టిన జాయింట్ వేసవి వేడికి జారుతుంది, వానాకాలం తడికి తుప్పు పడుతుంది. డ్యాష్‌క్యామ్‌కి ఫ్యూజ్ బాక్స్ నుంచి కరెంటు తీస్తే దానికి విడిగా దాని సొంత చిన్న ఫ్యూజ్ ఉండాలి. స్టీరింగ్ కవర్ మార్చడం, డ్యాష్‌బోర్డ్ మీద దేవుడి బొమ్మ అతికించడం చిన్నవిగానే కనిపిస్తాయి. కానీ ఎయిర్‌బ్యాగ్ మూత మీద ఏది ఉన్నా, అది తెరుచుకున్న క్షణంలో మన మొహం మీదికే వస్తుంది. సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకి మామూలు సీట్ కవర్లు వేయకూడదు.

సీటుబెల్టు అలారం ఆపే క్లిప్పుల గురించి ఏం చెప్పాలి! 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీల చేత 13,118 లిస్టింగులు తీయించింది. అయినా మన కార్లలో ఒకటి రెండు దొరుకుతూనే ఉంటాయి.

ఇవన్నీ గుర్తుండవంటే మూడు ప్రశ్నలు చాలు. ఇది ఆర్‌సీలో రాసిన దాన్ని మారుస్తుందా? బండిలోని సెన్సర్, స్విచ్, వైరు వేసుకున్న లెక్కని తప్పిస్తుందా? దీని వల్ల ఎదుటివాడికి ఇబ్బందా? మూడింటికీ "లేదు" అని జవాబొస్తే హాయిగా చేయించుకోండి.

మా కారు నంబరు ఏపీ 10తో మొదలవుతుంది. 2010లో కొన్నది. పదిహేనేళ్ళు నిండాయి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్‌కి తిరుమలగిరి ఆర్‌టీఏకి తీసుకెళ్ళాం. ఇన్‌స్పెక్టర్ గారు లైట్లు వేయమన్నారు, హారన్ కొట్టించారు, వంగి టైర్లు చూశారు. నా గుండె దడదడలాడుతూనే ఉంది. ఆయన సంతకం పెట్టేసి తర్వాతి బండి దగ్గరికి వెళ్ళిపోయారు. ఇంకో ఐదేళ్ళు మాది.

తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. నాన్న లైట్లు వేసి, కాసేపు రోడ్డు చూసి, "ఇప్పుడు బాగా కనబడుతోందిరా" అన్నారు. ఆ కరిగిపోయిన స్విచ్ ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది. ఎవరైనా బల్బులు మారుస్తానంటే ముందు దాన్ని వాళ్ళ చేతిలో పెడతాను.